వార్‌స్పైట్ దొరసాని గారి సర్వీసు రిజిస్టరు గురించి

గంగాభాగీరథీ సమానురాలైన బ్రిటిష్ యుద్ధనౌక వార్‌స్పైట్ దొరసాని గారికి, విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డు గుమాస్తా నమస్కరించి వ్రాయునది.

ఆ మొదటి మాటకి నొచ్చుకోకండి. నీళ్లలో బతికి నీళ్లలోనే పోయారు గనక అలా సంబోధించాను, అంతకుమించి మరే అర్థమూ లేదు.

ముప్పై రెండేళ్లు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో కూర్చుని పరాయివాళ్ల సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ని. రిటైరయ్యాక కూడా చేతులు ఊరుకోవు. బ్రిటిష్ నౌకాదళంలో ఏ ఒక్క ఓడకీ దక్కనన్ని యుద్ధ గౌరవాలు మీకే దక్కాయని, లెక్క 15 అని చదివాను. మా ఆఫీసులో ఒక్క మనిషికి 15 ప్రశంసాపత్రాలు వచ్చాయంటే ఆడిట్ పార్టీ మర్నాటి బండికే దిగేది. అందుకని మీ రిజిస్టరు నేనే తిరగేశాను. కొన్ని అభ్యంతరాలున్నాయి.

1912 అక్టోబరు 31న డెవన్‌పోర్టులో మీ నిర్మాణం మొదలైంది, 1913 నవంబరు 26న నీళ్లలోకి దిగారు, 1915 మార్చిలో ఉద్యోగంలో చేరారు. 15 అంగుళాల తోపులు ఎనిమిది, ఒక్కో గుండు బరువు 870 కిలోల పైమాట. బొగ్గు ముట్టని చమురు ఓడ. ఇంతవరకూ కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. ప్రొబేషన్ దగ్గరే తేడా వచ్చింది. చేరిన సెప్టెంబరులోనే ఫోర్త్ నదీముఖంలో నేల తాకారు. డిసెంబరులో అదే నమూనాలో కట్టిన మీ తోడబుట్టిన ఓడ బార్హమ్‌ని గుద్దారు, సిగ్నల్ సరిగా అర్థం కాలేదట. మా వాళ్లు మెమో అందలేదంటారు, మీరు సిగ్నల్ అందలేదంటారు. ఇంక్రిమెంటు మాత్రం ఎవరికీ ఆగదు.

ఇక 1916 మే 31, జట్లాండ్. మొదటి ప్రపంచ యుద్ధంలో మీ నౌకాదళమూ జర్మన్ నౌకాదళమూ ఢీకొన్న చోటు. ఇక్కడ నేను పెన్ను కింద పెట్టి రెండుసార్లు టీ తాగాను.

మరో చెల్లెలు వాలియంట్‌ని గుద్దకుండా తప్పుకోబోయి చుక్కాని గట్టిగా తిప్పారు. అది కాస్తా పట్టేసింది. ఎటూ పోలేక, జర్మన్ నౌకాదళమంతా చూస్తుండగా, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు రెండు చుట్లు తిరిగారు. ఎదురుగా ఇంత పెద్ద ఓడ గిరగిరా తిరుగుతుంటే ఏ తోపు ఊరుకుంటుంది? అందరూ మీ మీదే కొట్టారు. 15 గుండ్లు తగిలాయి, 14 మంది పోయారు. ఆ పక్కనే మీ దళానిదే వారియర్ అనే క్రూజరు కొన ఊపిరితో ఉంది. జర్మన్లు దాన్ని వదిలేసి మీ మీద పడ్డారు, ఆ సందులో అది బయటపడింది. కాగల కార్యం గంధర్వులు తీర్చారంటారే, ఆ గంధర్వుడు మీ స్టీరింగు గేరు. వారియర్ సిబ్బంది ఇదంతా మీ త్యాగమని నమ్మి మీకు జేజేలు పలికారు. మీరూ కాదనలేదు.

నా అభ్యంతరం ఇదీ. యంత్రం చెడిపోతే రాయాల్సింది రిపేరు పద్దులో. దాన్ని గౌరవాల పద్దులో ఎక్కించినవాడు ఎవరు? వాడి కింద ఒక్క ఏడాది పనిచేసి ఉంటే నేను గెజిటెడ్ ర్యాంకులో రిటైరయ్యేవాణ్ని.

జర్మన్లు ఇంకో అడుగు ముందుకేసి, మీరు మునిగిపోయారని అధికారికంగానే ప్రకటించారు. మాకైతే ఏటా నవంబరులో వెళ్లి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వకపోతే పెన్షను ఆగుతుంది. మీరు శత్రువు రికార్డులో చనిపోయి ఇంకో 29 ఏళ్లు సర్వీసు చేశారు. జట్లాండ్‌లో తప్పించుకున్న వాలియంట్‌ని అదే ఏడాది ఆగస్టులో గుద్దనే గుద్దారు. అక్కాచెల్లెళ్ల గొడవల్లో నేను తలదూర్చను.

1934 నుంచి 1937 దాకా పోర్ట్స్‌మత్‌లో మిమ్మల్ని విప్పి మళ్లీ కట్టారు. 24 బాయిలర్లు తీసి 6 పెట్టారు, ఖర్చు 23 లక్షల పౌండ్ల పైన. అన్నీ మార్చారు. చుక్కాని బుద్ధి మాత్రం మారలేదు.

నిజంగా పనిచేసిన రోజుల్ని కాదనను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 ఏప్రిల్ 13న నార్వేలోని నార్విక్ ఇరుకు కాలవలోకి దూరి, డిస్ట్రాయర్లతో కలిసి ఎనిమిది జర్మన్ డిస్ట్రాయర్ల పని పట్టారు. మీ చిన్న విమానమే ఒక జలాంతర్గామిని ముంచింది. ఆ జులైలో కలాబ్రియా దగ్గర ఇటలీ యుద్ధనౌక జూలియో చెజారేని దాదాపు 24 కిలోమీటర్ల నుంచి కొట్టారు. మా పోర్టులో తోపు పేలిస్తే గుండు దాదాపు భీమిలి దాకా పోయినట్టు. 1941 మార్చిలో గ్రీసు తీరాన మటపాన్ దగ్గర, రాత్రిపూట, రాడార్ లేని ఇటలీ క్రూజర్ల పక్కకు చప్పుడు కాకుండా చేరి, సెర్చ్‌లైట్ల వెలుగులో కాల్చారు. వాళ్ల తోపులు ఇంకా ముందుకీ వెనక్కీ తిరిగే ఉన్నాయి. ఆ రాత్రి 2,300 మందికి పైగా ఇటాలియన్లు పోయారు. ఈ పేజీ మీద జోకులు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ మేలో క్రీట్ దగ్గర బాంబు తగిలితే మెడికల్ లీవు మీద అమెరికా వెళ్లారు. మా పిల్లలెవరూ సియాటెల్ మొహం చూడకముందే మీరు దాని ఎదురుగా ఉన్న బ్రెమర్టన్‌లో నెలల తరబడి వైద్యం చేయించుకున్నారు. మీరు వెళ్లేనాటికి అమెరికా యుద్ధంలో లేదు కూడా. పలుకుబడి అంటే అదీ.

అక్కణ్నించి బదిలీ మీద మా వైపు వచ్చారు. 1942 మార్చి ఆఖర్లో బ్రిటిష్ తూర్పు నౌకాదళాధిపతి సోమర్‌విల్ దొర జెండా మీ మీదే ఎగిరింది. అంటే బంగాళాఖాతానికి కాపలా మీదే. ఏప్రిల్ 5న కొలంబో మీద జపాను బాంబులు. ఏప్రిల్ 6న మా విశాఖపట్నం మీద, కాకినాడ మీద. ఆ నాలుగైదు రోజుల్లో మా సముద్రంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు అలాగే వదిలేసి, చంకలో మా నాన్ననేసుకుని అనకాపల్లి దారి పట్టిందట. ఎనభై దాటాక కూడా ఏప్రిల్ వచ్చిందంటే ఒకే ప్రశ్న వేసేది: “మన్ని కాస్తామన్న సీమ ఓడలు ఆరోజు ఏటైపోనాయిరా?”

నేను రిజిస్టరు చూసి జవాబు పట్టాను. మీరు మాల్దీవుల వైపు సముద్రంలో ఉన్నారు. 8న అడ్డూ దీవులకి చేరి, అటునుంచి అటే బొంబాయి. ఇంగితంతో ఆలోచిస్తే అది తప్పు కాదు. జపాను వైపు అయిదు పెద్ద విమానవాహక నౌకలు, వందల విమానాలు. పగటిపూట ఎదురుపడి ఉంటే మీ సర్వీసు అక్కడే ముగిసేది. తప్పుకోవడమే తెలివి. నేనైనా అదే చేసేవాణ్ని, నిజానికి మా నాయనమ్మ చేసిందీ అదే. కానీ జట్లాండ్‌లో చుక్కాని పట్టేస్తే పేజీన్నర రాసుకున్నవారు, 6-4-1942కి ఎదురుగా ‘డ్యూటీ నిమిత్తం క్యాంపు’ అని ఒక్క ముక్కయినా రాసుకోకపోతే ఎలా? ఆ రోజు పడి పేలని బాంబు ఒకటి మా బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉంది. మాకున్న ఓచరు అదొక్కటే.

మిగతాది త్వరగా ముగిస్తాను. 1943 సెప్టెంబరులో లొంగిపోయిన ఇటలీ నౌకాదళాన్ని మాల్టాకి తోలుకొచ్చారు. వారం తిరక్కుండానే ఇటలీలో సలెర్నో దగ్గర, రేడియోతో నడిపించే జర్మన్ల బాంబు మీ పొట్టలోంచి దూసుకుపోయింది. ఒక బాయిలర్ గదికి కాంక్రీటు పూశారు, ఒక తోపుల జంటను బాగుచేయకుండానే వదిలేశారు. ఆ ఒంటితోనే 1944 జూన్ 6 తెల్లవారుజామున నార్మండీ తీరాన ఆరు తోపులతో గుండ్లు కురిపించారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు మీద సంతకం చేసిన డాక్టరెవరో నాకు చూడాలనుంది.

1945లో సెలవు ఇచ్చారు. దాచుకోండని అడిగినవాళ్లున్నా వినకుండా తుక్కు కింద అమ్మేశారు. 1947 ఏప్రిల్ 19న టగ్గులు కట్టి పోర్ట్స్‌మత్ నుంచి స్కాట్లండులోని ఫాస్లేన్‌కి లాక్కెళ్తుంటే తుపాను వచ్చింది, తాడు తెగింది, 23న కార్న్‌వాల్‌లో ప్రష్యా కోవ్ రాళ్లెక్కి కూర్చున్నారు. మీ మీదున్న ఎనిమిది మందినీ పెన్లీ లైఫ్‌బోటు దించింది. మిమ్మల్ని దించడం ఎవరివల్లా కాలేదు. అక్కడా, పక్క తీరంలోనూ ముక్కలు కోయడానికి ఏళ్లు పట్టింది. ‘రిపోర్టు చేసిన స్థలం’ గడిలో ఫాస్లేన్ అని ముందే రాసి ఉంచారెవరో. ఎర్రసిరాతో కొట్టేశాను.

ఇట్లు,
విధేయుడు

తా.క.: మీ పేరే పెట్టి ఒక అణు జలాంతర్గామిని కడుతున్నారు. దాని స్థావరం ఎక్కడనుకున్నారు, ఫాస్లేనే. అదే తరగతిలో దానికన్నా ముందు వరసలో ఉన్నదాని పేరు వాలియంట్. కొత్తావిడతో కాస్త దూరంగా నడవమని చెప్పండి.