బ్లీచింగ్ వాసన వస్తే ఫిర్యాదు.. రాకపోతే?

ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తున్నారనగానే గోదావరి డెల్టాలో పంచాయతీలకు హడావుడి మొదలవుతుంది. నీరు ఆగేలోగా మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ జూన్‌లో ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తేదాకా ఊరికి ఆ చెరువే గతి. మే నెల సగానికి వచ్చేసరికి నీటి మట్టం పడిపోతుంది, ఉన్న నీళ్లు పచ్చబడతాయి, గట్టు వారన గుర్రపుడెక్క కుళ్లుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఊళ్లో ఇద్దరికి వాంతులు, విరేచనాలు మొదలైతే పంచాయతీ చేసే మొదటి పని చెరువులో బ్లీచింగ్ చల్లించడం. వాట్సాప్ గ్రూపులో ఫొటో కూడా పడుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, తాగేనీటికి క్లోరిన్ కలపడానికి ఇంతకంటే పనికిరాని చోటు ఇంకోటి లేదు.

క్లోరిన్‌కు క్రిమి ఏదో, నాచు ఏదో తెలియదు. ఏది ముందు తగిలితే దానితోనే కలిసిపోతుంది. నాచు, కుళ్లిన ఆకు, బురద, మురుగుతో వచ్చిన అమ్మోనియా అన్నీ దాన్ని తినేస్తాయి. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక్క మిల్లీగ్రాము నైట్రోజనే ఎనిమిది నుంచి పది మిల్లీగ్రాముల క్లోరిన్‌ను మింగుతుంది. మిగిలిన దాన్ని ఎండ విరిచేస్తుంది. చెరువులో ఎంత చల్లినా కుళాయి దగ్గరకు చేరేది సున్నా. పోనీ వృథా అయిందని ఊరుకుందామా అంటే, అదీ కుదరదు. కుళ్లిన ఆకు, నాచు వదిలే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫాం, దాని తోబుట్టువులు పుడతాయి. వీటిని కలిపి ట్రైహాలోమీథేన్లు అంటారు. తాగునీటిలో ఇవి తయారవుతున్నాయని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సంస్థలో పనిచేసే యోహానెస్ రూక్ 1974లో బయటపెట్టాడు. నీరు ఎంత వెచ్చగా ఉంటే, సేంద్రియ పదార్థం ఎంత ఎక్కువ ఉంటే, క్లోరిన్‌తో ఎంత ఎక్కువసేపు కలిసి ఉంటే అవి అంత ఎక్కువ పుడతాయి. మే నెల చెరువులో వేడికి, కుళ్లుకు కొదవేముంది? అంటే చెరువులో చల్లిన బ్లీచింగ్ క్రిమి భయం తీర్చదు, రసాయన భయం మాత్రం తెచ్చిపెడుతుంది.

ఆ రసాయన భయం ఎంత పెద్దది? మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో క్లోరోఫాం 200 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 300 దాకా ఒప్పుకుంటుంది. అమెరికా ఇంకా బిగించి, నాలుగు ట్రైహాలోమీథేన్లూ కలిపి 80 అంటుంది. క్లోరోఫాంను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘క్యాన్సర్ తేగల అవకాశం ఉన్నవి’ అనే వర్గంలో పెట్టింది, క్లోరిన్ కలిపిన తాగునీటిని మాత్రం ఏ సంగతీ తేల్చలేని వర్గంలో ఉంచింది. క్యాన్సర్ కారకాల విషయంలో నిపుణులు మామూలుగా వేసే లెక్క ఇలా ఉంటుంది: హద్దు మేరకు ఆ రసాయనం ఉన్న నీళ్లే డెబ్బై ఏళ్లు రోజూ తాగితే లక్ష మందిలో అదనంగా ఒకరికి జబ్బు రావచ్చు. కలరా క్రిమికి డెబ్బై ఏళ్లు అక్కర్లేదు, కొన్ని గంటలు చాలు. ప్రపంచం మొత్తం మీద ఏటా అయిదేళ్ల లోపు పిల్లలు నాలుగు లక్షల మందికి పైగా విరేచనాలతో చనిపోతున్నారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఈ ఒక్క విషయంలో తటపటాయించవు: క్లోరిన్ వల్ల పుట్టే ఇలాంటి ఉప ఉత్పత్తులను తగ్గించే పేరుతో క్రిమిసంహారంలో రాజీ పడొద్దు.

ఈ మాట చెప్పేవాళ్లంతా 1991 నాటి పెరూ కలరాను ఉదాహరణగా తెస్తారు. ఆ ఒక్క ఏడాదిలోనే మూడు లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, సుమారు మూడు వేల మంది పోయారు. క్యాన్సర్ భయంతో క్లోరిన్ ఆపేయబట్టే ఇదంతా అని కథ. నాకు ఆ కథ మీద అంత నమ్మకం లేదు. తర్వాత లోతుగా చూసిన పరిశోధకులు తేల్చింది వేరు: చాలా ఊళ్లలో క్లోరిన్ కలపడానికి సరైన ఏర్పాటే లేదు, పైపులు కారుతున్నాయి, మురుగు కలుస్తోంది. క్యాన్సర్ భయం సాకు అయితే అయి ఉండొచ్చు, అసలు రోగం మాత్రం చెడిపోయిన నీటి వ్యవస్థ. డెల్టాకు ఈ రెండో కథే ఎక్కువ పనికొస్తుంది.

అలాగని రసాయన భయం ఉత్తదే అని కొట్టేయలేం. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి లక్షల బోరు పంపులు వేశారు. క్రిముల బెడద తగ్గింది. 1993లో ఆ బోరు నీళ్లలో ఆర్సెనిక్ బయటపడింది. వాషింగ్టన్‌లో ఇంకో రకం కథ: ట్రైహాలోమీథేన్లు తగ్గించాలని 2000 నవంబరులో క్లోరిన్ బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రసాయనం) కలపడం మొదలుపెడితే, నీటి గుణం మారి పాత పైపుల నుంచి సీసం ఊడి కుళాయిల్లోకి వచ్చింది. ఆ సంగతి జనానికి తెలిసేసరికి 2004 వచ్చింది. ఒక ప్రమాదాన్ని తగ్గించేటప్పుడు రెండోదాన్ని కొలవకపోతే ఏమవుతుందో ఈ రెండు చోట్లా కనిపిస్తుంది.

మన దగ్గర ఏలూరు ఉండనే ఉంది. 2020 డిసెంబరు మొదటి వారంలో జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛ వచ్చినట్టు పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. కోవిడ్ కోసం ఎడాపెడా చల్లిన బ్లీచింగే కారణమన్న అనుమానం మొదట్లో గట్టిగానే వినిపించింది. తర్వాత రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. చివరికి నిపుణుల వేలు ఎక్కువగా పురుగుమందుల అవశేషాల వైపే చూపింది. ఇలాంటి సమయంలో అక్కరకొచ్చేది ముందు నెలల్లో అదే కుళాయి నీళ్లకు చేసిన పరీక్షల లెక్క. జబ్బు పడ్డాక తీసిన నమూనా సగం కథే చెబుతుంది. డెల్టాలో నిజంగా లోతుగా చూడాల్సిన రసాయనం కూడా ఆ పురుగుమందుల అవశేషాల్లోనే ఉందని నా అభిప్రాయం. వరి చేల పురుగుమందు, చేపల, రొయ్యల చెరువుల్లో వాడే మందులు, ఎగువ ఊళ్ల మురుగు అన్నీ చేరేది కాలువలకు, డ్రెయిన్లకే. శివారు గ్రామం తాగేది పైవాళ్లు వదిలిందే. నీళ్లలో కరిగిపోయిన పురుగుమందును ఇసుక ఫిల్టరు ఆపలేదు, దానికి యాక్టివేటెడ్ కార్బన్, అంటే రసాయనాలను పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు కావాలి. ఇంత ఉండగా ఊళ్లో చర్చ అంతా బ్లీచింగ్ వాసన చుట్టూ తిరగడం వింతే.

ఆ వాసన సంగతీ చూద్దాం. అరవై వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు అనుకోండి. లీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త బ్లీచింగ్ పొడిలో క్లోరిన్ ముప్పై శాతం ఉంటే 400 గ్రాముల పొడి సరిపోతుంది. కానీ మన ఉక్కలో, మూతి విప్పిన బస్తాలో ఆ బలం నిలవదు. అది పదిహేను శాతానికి పడిపోయాక కూడా అదే 400 గ్రాములు వేస్తే అందేది లీటరుకు ఒక్క మిల్లీగ్రాము. దాన్ని నీళ్లలోని మడ్డే తినేస్తుంది. కోనసీమలో నేను చూసిన ఒక ట్యాంకు దగ్గర కొలత కొబ్బరి చిప్ప. బస్తా ఎప్పటిదో తెలియదు, చిప్ప మాత్రం మారలేదు. అదీ వాల్వు తిప్పే ముందు పైనుంచి పోసి వెంటనే నీళ్లు వదిలారు. క్లోరిన్ క్రిముల మీద పనిచేయడానికి కనీసం అరగంట కావాలని ట్యాంకు గోడ మీదే రాసి ఉంది.

నీళ్లు వచ్చాక ఎవరో ఒకరు అంటారు: “ఏంటండి బాబూ, ఆసుపత్రి కంపు కొడుతున్నాయి నీళ్లు!” రెండో రోజు చిప్పలో సగమే పడుతుంది. క్లోరిన్ ఎక్కువైతే ఫిర్యాదు వస్తుంది, అసలు లేకపోతే ఎవరూ ఫిర్యాదు చేయరు. నీటి వ్యవస్థను నడిపే మనిషి మీద ఒత్తిడి ఎప్పుడూ ఒకవైపే. పైగా ముక్కు ప్రతిసారీ నిజం చెప్పదు. మురుగు కలిసిన నీళ్లలో అమ్మోనియాతో కలిసిన క్లోరిన్ ఘాటుగా వాసన వేస్తుంది. అంటే కొన్నిసార్లు ఆ కంపుకు కారణం క్లోరిన్ ఎక్కువ కావడం కాదు, చాలకపోవడం. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని, వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలని ఐఎస్ 10500 చెబుతోంది. అది తెలియాలంటే ముక్కు కాదు, డీపీడీ మాత్ర కావాలి. నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. పాత రోజుల్లో పసుపు రంగు తెచ్చే ఆర్థోటోలిడిన్ చుక్కలు వాడేవాళ్లు. అదే క్యాన్సర్ అనుమానం ఉన్న రసాయనమని తేలి దాన్ని పక్కన పెడుతున్నారు.

కుళాయి మీద నమ్మకం పోయినవాళ్లు ఆర్వో టిన్ను వైపు వెళ్లిపోయారు. గోదావరి పక్కన ఉండి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కు తాగడం ఇప్పుడు ఎవరికీ వింతగా లేదు. ప్లాంటు వాళ్లు టీడీఎస్ మీటరు ముంచి యాభై, అరవై అని అంకె చూపిస్తారు. ఆ మీటరు చూపేది కరిగిన లవణాలే. దానికి క్రిమి కనపడదు, పురుగుమందు కనపడదు. ఆర్వోకు ముందు క్లోరిన్‌ను తీసేయాల్సిందే, లేకపోతే పొర పాడవుతుంది. కాబట్టి టిన్నులోకి వచ్చే నీటికి కాపలా ఏమీ ఉండదు. టిన్ను సరిగా కడగకపోయినా, ఇంట్లో చెయ్యి ముంచి గ్లాసు తీసినా క్రిమి చేరడానికి అడ్డేమీ లేదు. బోర్లు ఉప్పుతేలిన తీర ప్రాంత మండలాల్లో ఆర్వో తప్పదు, ఒప్పుకుంటాను. ఉప్పు పెద్దగా లేని కాలువ నీటికి కూడా అదే యంత్రం బిగించి, సగానికి సగం నీళ్లు డ్రెయిన్‌లోకి వదలడం మాత్రం డబ్బు పెట్టి చేసే తప్పు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది.

శివారులో ఇంకో మెలిక ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ అనే లవణం ఉంటుంది. మంచినీళ్లలో వందో వంతు ఉప్పునీరు కలిసినా లవణాలు పెరిగేది 350 మిల్లీగ్రాములే, నాలుకకు పెద్దగా తెలియదు. కానీ ఆ కాస్త బ్రోమైడ్ క్లోరిన్‌తో కలిసి బ్రోమోఫాం వంటి బరువైన ట్రైహాలోమీథేన్లుగా మారుతుంది. వీటిలో బ్రోమోడైక్లోరోమీథేన్‌కు హద్దు 60 మైక్రోగ్రాములే, క్లోరోఫాం కంటే చాలా కింద. క్లోరిన్ మానేసి ఓజోన్ వాడదామంటే బ్రోమైడ్ ఉన్న నీటిలో అది బ్రోమేట్ పుట్టిస్తుంది, దాని హద్దు పదే మైక్రోగ్రాములు. కాబట్టి సఖినేటిపల్లి, అల్లవరం, మొగల్తూరు వంటి తీర మండలాల్లో వేసవి చివర ఒక్కసారైనా ట్రైహాలోమీథేన్లు కొలవాలి. అది ఊరి కిట్టుతో అయ్యే పని కాదు, గ్యాస్ క్రోమటోగ్రాఫ్ ఉన్న ల్యాబుకు పంపాలి. ఏడాది పొడవునా ప్రతి ఊళ్లో అక్కర్లేదు. మే నెలాఖరులో, శివారు కుళాయి నుంచి తీస్తే చాలు, మిగతా కాలంలో సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటుంది.

అసలు మందు క్లోరిన్ కంటే ముందు మెట్టులో ఉంది. ఎర్రనీరు వచ్చినప్పుడు మన ముందుతరం బిందె లోపల చిల్లగింజ అరగదీసేది, లేదంటే పటిక తిప్పేది. మడ్డి అడుక్కి దిగితే దానితో పాటు క్రిముల్లో చాలా భాగం, ట్రైహాలోమీథేన్లకు ముడిసరుకైన సేంద్రియ పదార్థంలో కొంత భాగం దిగిపోతాయి. తేటనీటికి తక్కువ క్లోరిన్ చాలు, అది చివరి కుళాయి దాకా మిగులుతుంది కూడా. రెండు భయాలూ ఒకేసారి తగ్గే చోటు ఇదొక్కటే. ఇసుక ఫిల్టరు బెడ్లు ఇప్పటికీ చాలా పథకాల్లో ఉన్నాయి. ఇసుక మీద సన్నగా పట్టే జిగురు పొరే అక్కడ క్రిములను పట్టేది. బెడ్ బిగుసుకున్నప్పుడు పైన సెంటీమీటరో, రెండో గీసి తీసేసి, పొర మళ్లీ కట్టేదాకా కొన్ని రోజులు ఆగాలి. వరద బురద నేరుగా వస్తే బెడ్ తొందరగా మూసుకుపోతుంది, గీసే మనిషి ఉండడు, బైపాస్ వాల్వు తెరుస్తారు. అంతటితో ఊరి ఆరోగ్యం మొత్తం కొబ్బరి చిప్ప చేతికి వెళ్లిపోతుంది. క్లోరిన్ ఒక్కదాని మీదే వదిలేయకూడదనడానికి 1993 నాటి మిల్వాకీ సాక్ష్యం. అమెరికాలోని ఆ నగరంలో నీళ్లలో క్లోరిన్ ఉంది, కానీ ఫిల్టర్లు సరిగా పనిచేయలేదు. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సుమారు నాలుగు లక్షల మందిని పడకేసింది.

జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లతో శిక్షణ ఇవ్వాలన్నది నిబంధన. వాళ్ల చేతికి డీపీడీ మాత్రలు, హెచ్2ఎస్ సీసాలు ఆగకుండా అందాలి. ఆ సీసాలో నీళ్లు పోసి ఉంచితే, మలంతో కలుషితమైన నీరైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. 1982లో మన దేశంలోనే రూపొందిన చవక పరీక్ష ఇది. చివరి వీధి కుళాయి దగ్గర వారానికోసారి గులాబీ రంగు వచ్చిందో లేదో, సీసా నల్లబడిందో లేదో సచివాలయం బోర్డు మీద తేదీతో రాయాలి. పంచాయతీ దగ్గర డబ్బు ఒక్క పనికే ఉంటే, ఆర్వో ప్లాంటుకు రిబ్బను కత్తిరించడం కంటే ఫిల్టరు బెడ్‌కు ఇసుక తోలించడం, బ్లీచింగ్ బస్తాకు గాలి తగలని డ్రమ్ము, ఒక కాటా కొనడం ముందు చేయాలి. అవి అయ్యాకే ట్రైహాలోమీథేన్ల నమూనా ల్యాబుకు పంపాలి, అదీ కాలువలు కట్టేసి ఉన్న మే నెలాఖరులోనే.