ఎడమ సీటు నుంచి ట్రిప్‌మీటరు గారికి

మహారాజశ్రీ ట్రిప్‌మీటరు గారి సముఖానికి,

పర్లాకిమిడిలో కిరాణా కొట్టు నడుపుకుంటూ, ఆదివారాలు ర్యాలీ కారులో మీ పక్కన, దారి రాసి ఉన్న రోడ్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని దారి చెప్పే నావిగేటరు రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. మా బావ నాతో పదకొండు రోజులుగా మాట్లాడటం లేదు, ఆ లోటు ఒక్కటే.

మీరు, గారు అనే మర్యాద ఇక్కడితో సరి. కారు ఎంత దూరం నడిచిందో చెబుతూ డాష్‌బోర్డు కింద రెండు నట్ల మీద వేలాడే డబ్బాకి ఇంతకన్నా గౌరవం ఇస్తే నా కొట్లో కాటా నొచ్చుకుంటుంది.

కాటా మాట ఎందుకు ఎత్తానంటే, దానికి గడువు దాటకుండా సర్కారు ముద్ర వేయించాలి. కిలో కందిపప్పులో ఇరవై గ్రాములు తగ్గితే కేసు రాస్తారు. కేసు దాకా ఎందుకు, మా వీధి ఆడవాళ్లు సాయంత్రానికల్లా నా పరువు గుడి మెట్ల మీద ఆరేస్తారు. నువ్వు కిలోమీటరుకి ఇరవై మీటర్లు ఎక్కువ చెప్పావు. నిన్ను అడిగే ఇన్‌స్పెక్టరు లేడు. పైగా దసరాకి బావ నీకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టాడు. నాకు ఆ రోజు పులిహోర కూడా ఆఖర్న వడ్డించారు.

బావది టెక్కలి. అక్కని ఇచ్చినప్పుడు ఆయనకి పొలం ఎంత, ఉద్యోగం ఏమిటి అని చూశారు గానీ, షెడ్డులో 1971 మోడల్ అంబాసిడర్ ఉందని ఎవరూ పట్టించుకోలేదు. బెంగాల్‌లోని ఉత్తరపాడలో యాభై ఏళ్లకి పైగా సాగిన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయిందని టీవీలో చెప్పిన రోజు బావ రాత్రి భోజనం మానేశాడని అక్క ఇప్పటికీ చెబుతుంది. ఆ ఏడే పాత కార్ల ర్యాలీల పిచ్చి పట్టింది. డ్రైవరు తనే. నావిగేటరు ఎవరు? 'మా బావమరిదికి నోటిలెక్క బాగా వచ్చు. పావుకిలో జీలకర్ర, ముప్పావు చింతపండు, మూడు సబ్బులు కలిపి కాగితం ముట్టుకోకుండా చెప్పేస్తాడు' అన్నాడు. పొగిడాడు కదా అని ఒప్పుకున్నాను. పొగడ్తకి పడిపోవడం మా ఇంట్లో వంశపారంపర్యం.

ర్యాలీ అంటే కొట్టుకొచ్చేవాళ్లంతా రేసు అనుకుంటారు. 'ఎంత స్పీడు కొట్టారేటి?' అని అడుగుతారు. గంటకి ముప్పై ఆరు అంటే వాళ్ల మొహాలు చూడాలి. మా ఊరి బస్సు అంతకన్నా వేగం. కానీ ఆట అదే. ఇంత దూరం ఇంత సగటు వేగంతో వెళ్లమని పుస్తకంలో రాసి ఇస్తారు. దారిలో ఎక్కడో ఒకచోట, తుప్పల చాటున, గడియారం పట్టుకుని మార్షల్ కూర్చుంటాడు. ఎక్కడ కూర్చుంటాడో చెప్పరు. నువ్వు ఆయన ముందు నుంచి ఏ సెకనుకి వెళ్లాలో ఆ సెకనుకే వెళ్లాలి. ఒక్క సెకను ముందైనా పాయింటు పడుతుంది, వెనకైనా పడుతుంది. ఎక్కువ పాయింట్లు వచ్చినవాడు ఓడిపోతాడు. ఈ లెక్కన బావకి ర్యాలీలు చాలా బాగా వస్తాయి.

గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి సరిగ్గా 10 మీటర్లు. ఆ అంకె ఇచ్చిన నిర్వాహకుడి కడుపు చల్లగా ఉండాలి. అదే 42 ఇచ్చాడనుకో, పది కిలోమీటర్లకి 14 నిమిషాల 17 సెకన్లు, చిల్లర నావిగేటరు నెత్తిన. ఇదంతా గతుకుల్లో, వంకర అక్షరాలతో, పెన్ను కింద పడకుండా.

ఈ లెక్కలన్నిటికీ ఆధారం నువ్వు చెప్పే ఐదు అంకెలు. గేర్‌బాక్సు నుంచి ఒక కేబుల్ నీ వెనక్కి వచ్చి దూరుతుంది. అది మెలి తిరిగినకొద్దీ నీ చిన్న చక్రాలు ఒక్కొక్క అంకె దొర్లిస్తాయి. అంతే నీ చదువు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో నీకు తెలుసు. కారు ఎంత కదిలిందో నీకు తెలియదు. పోయిన వానల్లో ఆర్.ఉదయగిరి దాటాక బురదలో దిగబడ్డాం చూడు, గుర్తుందా? వెనక చక్రం గిరగిర తిరుగుతోంది, నేనూ ఇద్దరు కుర్రాళ్లూ వెనక నుంచి తోస్తున్నాం, బండి అంగుళం కదల్లేదు. లోపలికొచ్చి చూస్తే నువ్వు డెబ్బై మీటర్లు రాసేసుకున్నావు. ఊరు దాటకుండా టీఏ బిల్లు పెట్టే ఉద్యోగులు ఉన్నారని విన్నాను గానీ, అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు.

మీ జాతిలో గొప్పవాళ్లు లేరనను. స్వీడన్‌లో హల్డా అనే పేరుతో టాక్సీ మీటర్లు చేసినవాళ్లే ర్యాలీ మీటర్లూ చేశారట, పాత నావిగేటర్లు ఆ పేరు భక్తిగా తలుస్తారు. నీ మీద మాత్రం ఏ పేరూ లేదు, ఉన్న స్టిక్కరు కూడా బావ తుడిచిన తుడుపుకి చెరిగిపోయింది.

అయినా నువ్వు పుట్టకముందు జనం దారి తప్పిపోయారా? 1907 జూన్ 10న పెకింగ్ నుంచి పారిస్‌కి ఐదు బళ్లు బయలుదేరాయి. గోబీ ఎడారిలో రోడ్డు లేదు, టెలిగ్రాఫ్ స్తంభాల వరస పట్టుకుని పోయారు. పెట్రోలు ముందే ఒంటెల మీద పంపించారు. ఇటాలా కారులో వెళ్లిన ఇటలీ ప్రిన్స్ బోర్గెసె సైబీరియాలో వంతెన కూలి కారుతో సహా కింద పడ్డాడు. లేచి, దులుపుకుని, మాస్కో చేరాక విందు ఉందని సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా పక్కదారి పట్టి భోంచేసి మరీ వచ్చాడు. అయినా ఆగస్టు 10కి పారిస్‌లో ఉన్నాడు. మిగతావాళ్లు చేరేసరికి ఇంకో ఇరవై రోజులు పట్టింది. బావ ఈ కథ చెప్పినప్పుడల్లా కళ్లు మెరుస్తాయి. నాకు మాత్రం కొట్టువాడి బుద్ధి కదా, లెక్క వస్తుంది. మన ర్యాలీలో అయితే ఇరవై రోజులు ముందొచ్చినందుకు సెకనుకి ఒక పాయింటు చొప్పున ఆయనకి 17 లక్షల 28 వేల పాయింట్లు పడేవి. ఆఖరి స్థానం. మన కిందే.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. మొన్నటి ర్యాలీకి బరంపురంలో జెండా ఊపారు. దిగపహండి, తప్తపాణి ఘాట్, మోహన, ఉదయగిరి మీదుగా మొదటి రోజు మా ఊరు. రెండో రోజు వంశధార పక్కనుంచి కాశీనగర్, గుణుపురం. బయలుదేరగానే కొలిచిన పది కిలోమీటర్లు ఇచ్చారు, మీటర్లు సరిచూసుకోమని. ఆ చివర నువ్వు 10.20 చూపించావు. ఎందుకో నాకు తెలుసు. బావ టైర్లు అరిగి గుండు కొట్టించుకున్నట్టున్నాయి. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. నీలో దిద్దే మీట లేదు కాబట్టి కాగితం మీద దిద్దాలి. 1.02 అని పుస్తకం అట్ట మీద పెద్దగా రాసుకున్నాను. గుండ్రంగా సున్నా కూడా చుట్టాను.

దిద్దకపోతే పది కిలోమీటర్లకి రెండు వందల మీటర్ల తేడా, 36 సగటులో ఇరవై సెకన్లు. దిద్దాను కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. తప్తపాణి ఘాట్‌లో బావ రెండుసార్లు బానెట్ ఎత్తి, ఇంజనుకి పెట్రోలు తోడే పంపు చల్లబడాలని దాని మీద తడిగుడ్డ వేశాడు, ఆ పక్కనే వేడినీళ్ల ఊట ఉంది, ఎవరు ఎక్కువ కాగుతున్నారో తేల్చుకుంటున్నట్టు. ఆ ఆలస్యం ఆగే చోట సర్దుకున్నాం. మిగతా దారంతా నా పని ఒకటే. 'బావా, ముందున్నాం, తగ్గించు.' రెండు నిమిషాలాగి, 'ఇంకా తగ్గించు.' ఒకచోట సైకిలు మీద పాలవాడు మమ్మల్ని దాటి వెనక్కి తిరిగి చూశాడు. బావ పళ్లు బిగించి తగ్గించాడు.

అప్పుడు వచ్చింది ఆ ఎడమ మలుపు. రోడ్‌బుక్కులో మలుపులకి బొమ్మలుంటాయి, హాలెండులో తులిప్ ర్యాలీ నుంచి వచ్చాయి కనక తులిప్ బొమ్మలంటారు. తులిప్ అని పేరేగానీ అందులో ఉండేది బంతి. కింద బంతి, అది మనం. పైన బాణం, అది మన ఖర్మ. ఆ బొమ్మ పక్కన 17.40 దగ్గర, పెద్ద మర్రిచెట్టు, ఎడమ అని ఉంది. నా దిద్దుబాటు ప్రకారం నీ మీద 17.06 పడగానే మలుపు రావాలి. పడింది. మర్రిచెట్టు లేదు. మలుపూ లేదు. రెండు పక్కలా జీడితోటలు.

చెట్టు లేకపోవడానికి నాకు కారణం తోచింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాలో మిగిల్చిన చెట్లెన్ని? మావాళ్లు ఇప్పటికీ లేని చెట్ల పేర్లతోనే దారి చెబుతారు. చింతచెట్టు దగ్గర దిగు అంటారు, దిగితే అక్కడ చింతా ఉండదు, చెట్టూ ఉండదు, దిగినవాడికి మాత్రం అదే చింతచెట్టు. మా ఊరి పేరే చూడు. పుస్తకంలో పారలాఖెముండి, మా నోట పర్లాకిమిడి, పాతపట్నం నుంచొచ్చే ముసలమ్మలకి వట్టి కిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రాంతం ఏర్పడి మా ఊరు అటు వెళ్లింది, మాటలు ఇటూ అటూ ఉండిపోయాయి. కూతవేటు, ఆమడ, కోసు అని కొలిచే ఊళ్లో నువ్వు పాయింటు తర్వాత రెండు అంకెలు చూపిస్తావు.

మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన కనిపించాడు. బావ వైపు అద్దం దించి ఉంది. నేను ఇటు నుంచి ఒరియాలో అడిగాను, ఎడమ మలుపు ఎక్కడని. ఆయన కర్ర ఎత్తి ముందుకు చూపించి, 'ఆగకు, ఆగకు' అన్నాడు.

ఒరియాలో ఆగకు అంటే ముందుకి. ముందుందయ్యా మలుపు అని పాపం ఆయన చెప్పాడు. బావకి ఒరియా రాదు. స్వచ్ఛమైన తెలుగులో ఎవరో పెద్దాయన ఆగొద్దన్నాడని తెలిసింది. అప్పటిదాకా గంటసేపు నేను తగ్గించు తగ్గించు అని తొక్కిపెట్టిన మనిషి, ఎవరో ఒకరు ఆ మాట అంటారని చూస్తున్నట్టు, యాక్సిలరేటరు తొక్కాడు. నేను తలొంచుకుని కొత్త అంకెలు వేస్తున్నాను. 'ఏటి సెప్పాడ్రా?' 'ముందుకట బావా.' 'అదే కదా ఎల్తన్నాను!' తలెత్తేసరికి ఆరు కిలోమీటర్లు. రోడ్డు అయిపోయింది. ఎదురుగా ఇటుకబట్టీ, దాని మీద ఎండేసిన చీరలు.

వెనక్కొస్తుంటే కనిపించింది మలుపు. మేకలాయన నిలబడ్డ చోటి నుంచి ఏడు వందల మీటర్లలోపే. మర్రిచెట్టు కూడా ఉంది, దాని కింద మార్షల్ కుర్చీ మడతపెట్టుకుంటున్నాడు.

ఆ రాత్రి బావ 1968 లండన్-సిడ్నీ ర్యాలీ తలచుకుని తనను తాను ఓదార్చుకున్నాడు. బొంబాయి దాకా నేల మీద వచ్చి, అక్కడ కార్లను ఓడెక్కించి ఆస్ట్రేలియాలో దింపిన ర్యాలీ అది. ఇంకొన్ని గంటల్లో సిడ్నీ అనగా, అందరికన్నా ముందున్న బియాంకీ, ఓజియేల సిట్రోయెన్ కారుని ఎదురొచ్చిన మినీ కారు గుద్దేసింది. హిల్‌మన్ హంటర్ అనే కారు గెలిచింది. 'మనల్ని ఏదీ గుద్దలేదు కదరా' అన్నాడు. అదే నాతో ఆఖరి మాట. రెండో రోజు గుణుపురం దాకా అంకెలు తప్ప మాటల్లేవు. మొత్తం పంతొమ్మిది కార్లలో మేం పద్దెనిమిది. పంతొమ్మిదోవాళ్లకి ఘాట్‌లో ఇరుసు విరిగింది.

ఇంటికొచ్చి నీ మీద అక్కతో ఎంత చెప్పానో. దొంగ కాటా అన్నాను. అక్క బెల్లం తరుగుతూ వింది. తర్వాత రోడ్‌బుక్కు తీసుకుని అట్ట మీది 1.02 చూసి, 'మీటరు ఎక్కువ చూపిస్తే నువ్వు దీన్ని గుణించావా, భాగించావా?' అంది.

నేను కొట్టు తెరవాలని వచ్చేశాను.

కాటా మీద లెక్క చేసి చూశాను. నువ్వు పది కిలోమీటర్లకి రెండు వందల మీటర్లు ఎక్కువ చెప్పావు. నేను దాన్ని తగ్గించాల్సింది పోయి ఇంకో రెండు వందలు కలిపాను. ఇరవై సెకన్ల వెనకబాటు నలభై అయింది. మేం ఎప్పుడూ ముందు లేం. ఆ పాలవాడు సరైన టైముకే వెళ్తున్నాడు. 17.40 మలుపు నీ మీద 17.75 దగ్గర రావాలి, అక్కడే ఉంది.

అందుకని ఈ ఉత్తరం. ఇరవై సెకన్లు నీవి, ఇరవై నావి. నీ వాటా నువ్వు ఒప్పుకుంటే నా వాటా గురించి బావ దగ్గర ఎత్తాల్సిన పని ఉండదు. అక్క చెప్పదు, నెలకి రెండు కిలోల జీడిపప్పుకి మాట కుదిరింది. నీకెలాగూ నోరు లేదు, ఐదు అంకెలే ఉన్నాయి.

ఇట్లు,
ఎడమ సీటువాడు

తా.క. ఇప్పుడే కబురొచ్చింది. బావ నాలుగు కొత్త టైర్లు వేయించాడట, వచ్చే నెల జయపురం వైపు ఏదో ర్యాలీకి పేరు కూడా ఇచ్చేశాడట. కొత్త టైరుకి చుట్టుకొలత ఎక్కువ, ఈసారి నువ్వు తక్కువ చెబుతావు. కాబట్టి గుణించాలి. లేదా భాగించాలి. ఆదివారం అక్కని అడుగుతాను.