టైటిల్ లేని జెరార్డ్ గొప్పవాడేనా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ మాజీ కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ ఒక్క ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్) టైటిల్ కూడా లేకుండానే ఆట మానేశాడు. అతన్ని గొప్ప మిడ్‌ఫీల్డర్ల (మైదానం మధ్యలో ఆడేవాళ్ల) వరసలో కూర్చోబెట్టొచ్చా అని లివర్‌పూల్ అభిమాని బాబాయ్‌కీ, కిరణ్‌కీ మధ్య వాదన.

కిరణ్: మాంచెస్టర్ యునైటెడ్ పాల్ స్కోల్స్‌కి 11 లీగ్ టైటిళ్లు, చెల్సీ లాంపార్డ్‌కి 3. జెరార్డ్ లివర్‌పూల్‌కి 17 సీజన్లు ఆడి సున్నా. ఇంకేం మాట్లాడతాం బాబాయ్?

బాబాయ్: స్కోల్స్ పక్కన రాయ్ కీన్, గిగ్స్ ఉన్నారు, వెనకాల కోచ్ ఫెర్గూసన్ ఉన్నాడు. అది కూడా లెక్కలో వెయ్యి.

కిరణ్: ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

బాబాయ్: ఆడలేనివాడా? 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల కప్) ఫైనల్ నేను లైవ్‌లో చూశాన్రా. మనకి అర్ధరాత్రి పన్నెండుంపావుకి మొదలైంది. హాఫ్ టైమ్‌కి ఏసీ మిలాన్ మూడు, మనం సున్నా. టీవీ కట్టేద్దామని లేచాను కూడా. 54వ నిమిషంలో మన రీసె పక్క నుంచి క్రాస్ వేస్తే జెరార్డ్ తలతో కొట్టాడు. గోల్ కొట్టి సంబరం చేసుకోలేదు, వెనక్కి పరిగెడుతూ రెండు చేతులూ పైకి ఊపి అరవండి, అరవండి అని జనాన్ని లేపాడు. ఆరు నిమిషాల్లో మూడూ సమం. ఆ మూడో గోల్‌కి పెనాల్టీ వచ్చిందీ మిలాన్ గట్టూసో ఇతన్ని పడేస్తేనే. అక్కడితో అయిపోలేదు. మిలాన్ వాళ్ల సెర్జినియో ఆ పక్క నుంచి దూసుకొస్తుంటే, ఇతన్ని తీసుకెళ్లి రైట్ బ్యాక్‌లో, అంటే కుడివైపు డిఫెన్స్‌లో పెట్టాడు మన కోచ్ బెనిటెజ్. కెప్టెన్, గోల్ కొట్టినవాడు, ఒక్క మాట అనకుండా ఆ మూల కాపలా కాశాడు, పిక్కలు పట్టేస్తున్నా సరే. ఒకే రాత్రి మూడు పొజిషన్ల పని చేసిన మిడ్‌ఫీల్డర్ని ఇంకొకణ్ని చూపించు, టైటిళ్ల సంగతి తర్వాత చూద్దాం.

కిరణ్: అది ఒక్క రాత్రి. 2014 ఏప్రిల్ 27 సంగతేంటి? వరసగా 11 మ్యాచ్‌లు గెలిచి, టైటిల్ చేతిదాకా వచ్చాక, చెల్సీ మీద కాలు జారాడు. వాళ్ల డెంబా బా బంతి తీసుకెళ్లి గోల్ కొట్టాడు.

బాబాయ్: ఆ సీజన్లో మనం 101 గోల్స్ కొట్టి 50 ఇచ్చుకున్నాం. యాభై! తర్వాత క్రిస్టల్ ప్యాలెస్ మీద 3-0 ఆధిక్యం పోగొట్టుకుని 3-3 చేసుకున్నారే, అదీ జెరార్డ్ కాలే జారిందా? టైటిల్ గెలిచిన మాంచెస్టర్ సిటీకి మనకీ తేడా రెండే పాయింట్లు.

కిరణ్: సరే, కాలు జారడం దురదృష్టం అనుకుందాం. 2004 యూరో కప్‌లో ఇంగ్లండ్‌కి ఆడుతూ ఫ్రాన్స్ మీద చూడకుండా వెనక్కి పాస్ ఇస్తే వాళ్ల ఆన్రీ అందుకున్నాడు, పెనాల్టీ అయింది, ఇంగ్లండ్ ఓడింది. అది దురదృష్టం కాదు, అలవాటు. మిడ్‌ఫీల్డర్ మొదటి పని బంతిని పోగొట్టుకోకపోవడం. ఆ విషయంలో స్కోల్స్ కాలిగోటికి సరిపోడు.

బాబాయ్: స్కోల్స్ ట్యాకిల్ వెయ్యడం ఎప్పుడైనా చూశావా నువ్వు? అన్నీ పసుపు కార్డులే!

కిరణ్: జెరార్డ్‌కి 2015లో యునైటెడ్ మీద దిగిన 38 సెకన్లకే ఎర్ర కార్డు వచ్చింది, అది చూశావా?

బాబాయ్: చూశాను. నోట మాట రాలేదు.

కిరణ్: ఇంకోటి అడుగుతాను, కోప్పడకు. ఇంగ్లండ్‌లో ఒకే క్లబ్, సొంత ఊరు, విశ్వాసం అని ఎప్పుడూ అంటావు. ఇస్తాంబుల్ గెలిచిన రెండు నెలలు తిరక్కుండానే చెల్సీకి పోతానని ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ ఇచ్చింది ఎవరు?

బాబాయ్: ఇచ్చాడు. మర్నాటికి మనసు మార్చుకున్నాడు. ఆ ఒక్క రోజు నాకూ కడుపు మండింది, కాదనను. కానీ తొమ్మిదేళ్లప్పుడు అకాడమీలో చేరినవాడు. హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో 1989లో చనిపోయిన లివర్‌పూల్ అభిమానుల్లో పదేళ్ల పిల్లాడు ఇతని కజినే. ఆ చొక్కా అతనికి ఉద్యోగం ఒక్కటే కాదురా.

కిరణ్: పోయుంటే ఆ మరుసటి ఏడాదే లీగ్ మెడల్ వచ్చేది. చెల్సీయే గెలిచింది.

బాబాయ్: వచ్చేది. పోలేదు కాబట్టి 2006 మేలో ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడాడు. వెస్ట్ హామ్ 3-2తో ముందుంది. అదనపు సమయం నాలుగు నిమిషాలని మైకులో చెబుతున్నారు, ఇతనికి కాళ్లు పట్టేశాయి, ఇంక పరిగెత్తలేడు. దూరంగా బంతి దొర్లుకుంటూ వచ్చింది. అక్కణ్నుంచే కొట్టాడు. కిందకి, మూలకి. గోల్ కీపర్ దూకాడు, అందలేదు.

కిరణ్: ఆ గోల్ ఒప్పుకుంటాను. ఫ్రాన్స్ మీద ఆ పాస్ మాత్రం క్షమించను.

బాబాయ్: దాన్ని నేనూ క్షమించలేదు.