ఆన్ చేయగానే అడ్డం నిలబడే పాస్‌వర్డ్ గారికి

మహారాజశ్రీ స్టార్టప్ పాస్‌వర్డ్ గారికి, హన్మకొండ నుంచి ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ యజమాని రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరు కాబట్టే మేం ఇంత క్షేమంగా ఉన్నాం.

ముందుగా తమరి కర్తవ్యనిష్ఠకు దండం. విండోస్ ఇంకా నిద్ర లేవకముందే తమరు లేచి కూర్చుంటారు. నల్లటి తెర, మధ్యలో ఒక ఖాళీ గడి, అందులో కొట్టుకునే కర్సర్. అంతే. కొన్న బిల్లు చూపిద్దామన్నా చూసే దిక్కు లేదు. తమరిని కొలువులో పెట్టినాయన ఏ కంపెనీలో పనిచేశాడో, ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పాత కంప్యూటర్లను లాటుకు లాటు అమ్మేసి వాళ్లు చేతులు దులుపుకున్నారు. తమరు మాత్రం ఆయన ఉప్పు తిన్న విశ్వాసంతో మా ఇంట్లో మమ్మల్నే ఆపుతున్నారు.

షాపులో మాత్రం తమరి నీడ కూడా కనిపించలేదు. మేం వెళ్లేసరికే సిస్టం ఆన్‌లో ఉంది, పాటలు మోగుతున్నాయి. నడుస్తున్న సిస్టం జోలికి తమరు రారు కదా! ఇంటికి తెచ్చి స్విచ్ వేశాక దర్శనమిచ్చారు. ఫోన్ చేస్తే షాపాయన ఏమన్నాడంటే, "అది మా పోరనికి ఎరుకుండెనన్నా, వాడు పని మానేసి పోయిండు."

ఇక చుట్టాలూ పక్కాలూ మొదలుపెట్టారు. ఒకాయన 1234 అన్నాడు, ఒకామె అడ్మిన్ అంది. మా మామ అయితే "జైతెలంగాణ అని కొట్టు బిడ్డా, తప్పక తెరుచుకుంటది" అన్నాడు. మూడుసార్లు తప్పు కొట్టేసరికి సిస్టం డిజేబుల్డ్ అని మొహం మాడ్చుకున్నారు. మళ్లీ ఆఫ్ చేయి, మళ్లీ ఆన్ చేయి. ట్యాలీ నేర్చుకుందామని కూర్చున్న మా తమ్ముడి బిడ్డ ఈలోగా ఫోన్లో రెండు సినిమాలు చూసేసింది.

ఇంతకీ తమరు లోపల కాపాడుతున్నదేమిటి? షాపాయన డిస్కు ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసిచ్చాడు. ఉన్నదల్లా రీసైకిల్ బిన్ ఒక్కటే, అదీ ఖాళీదే. పోనీ లోపల లంకెబిందెలే ఉన్నాయనుకుందాం. దొంగకు తమరితో పనేముంది? హార్డ్ డిస్కు విప్పి వేరే సిస్టంకు తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. మా వరంగల్ కోటలో కీర్తితోరణాలు నాలుగున్నాయి. అంత ఎత్తు, అంత శిల్పం. తలుపులు లేవు, వాటి మధ్యనున్న గుడి ఎప్పుడో కూలిపోయింది. తోరణం కిందుగానే వెళ్లాలని లేదు, పక్కనుంచి కూడా నడిచిపోవచ్చు. తమరూ అంతే. కాకపోతే తోరణాన్ని చూడటానికి జనం టికెట్ కొనుక్కుని వస్తారు. (డిస్కులో ఉన్నదంతా ఎవరికీ అర్థంకాని రహస్య లిపిలోకి మార్చే బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉంటే సంగతి వేరు. అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కాపలా అంటే అదీ.)

తమరి వంశ చరిత్ర కూడా కొంత కనుక్కున్నాం. 1984లో ఐబీఎం పీసీ ఏటీ అనే కంప్యూటర్లో గడియారం నడపడానికి ఒక చిప్పు పెట్టారు. మొత్తం 64 బైట్లు, అందులో 14 గడియారానికే. మిగిలిన జాగాలో సెట్టింగులు, కరెంటు పోయినా చెరిగిపోకుండా పక్కనే ఒక బ్యాటరీ. తమరి పూర్వీకులు చాలామంది అలాంటి జాగాలోనే కాపురం పెట్టారు. బ్యాటరీ తీస్తే ఖతం.

ఆ ధైర్యంతోనే వైరు పీకి, పవర్ బటన్ నొక్కిపట్టి మిగిలిన కరెంటు కూడా పోగొట్టి, డబ్బా పక్క రేకు ఊడదీశాం. లోపల బొంత కుట్టుకోవచ్చు, అంత దుమ్ము. రూపాయి బిళ్లలాంటి సీఆర్ 2032 సెల్లు కనిపించింది. క్లిప్పును గోటితో నొక్కితే టప్పున పైకి లేచింది. టీ తాగొచ్చి మళ్లీ పెట్టాం. తేదీ చెరిగిపోయి ఏళ్ల వెనక్కి పోయింది. తమరు మాత్రం చెక్కుచెదరలేదు! కంపెనీలకు అమ్మే మోడళ్లలో తమరు బ్యాటరీ అక్కర్లేని చిప్పులో దాక్కుంటారని అప్పుడు తెలిసింది. ల్యాప్‌టాప్‌లో ఉండే తమరి దాయాదులైతే ఇంకా మొండి. చాలాసార్లు మదర్‌బోర్డే మార్చమంటారు.

మా అదృష్టం, ఇది డెస్క్‌టాప్. సెల్‌ఫోన్ లైటు వేసి వెతికితే బోర్డు మీద పీఎస్‌డబ్ల్యూడీ అని (తమరి పొట్టిపేరే) చీమంత అక్షరాలు, వాటి పక్కన రెండు పిన్నులు, వాటికి కలిపి ఒక ప్లాస్టిక్ టోపీ. దాన్నే జంపర్ అంటారు. అది పీకి ఆన్ చేశాం. విండోస్ వచ్చింది. తమరు రాలేదు.

తేదీ సరిచేసేదాకా ఏ వెబ్‌సైటూ తెరుచుకోక ఇంకాసేపు సతాయించింది. అది తమరు పోతూ పోతూ ఇచ్చిన శాపమనుకున్నాం.

షాపులవాళ్లతో కూడా ఒక మాట అనాలి గానీ, వాళ్లు వినరు కాబట్టి తమరికే చెప్తున్నా. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఉన్నప్పుడే సెటప్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలోకి వెళ్లి, పాతది కొట్టి, కొత్తది అడిగినచోట ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే తమరి పీడ విరగడయ్యేది. నిమిషం పని. పాటలు పెట్టే ఓపిక ఉంది గానీ దీనికి లేదు.

తమరి జంపర్ మళ్లీ పిన్నులకు తొడగలేదు. అది లేనంత కాలం ఈ బోర్డు మీద కొత్త పాస్‌వర్డ్ పెట్టడం కుదరదట. మా మరదలు దాన్ని పారేయకుండా పోపుల డబ్బాలో ఆవాల గిన్నెలో వేసింది. కావాలంటే వచ్చి తీసుకుపోండి. కాకపోతే ఇంటి తలుపు దగ్గర ఎవరు, ఏమిటి, ఎవరి తాలూకు అని మా అమ్మ అడుగుతుంది. మూడుసార్లు తప్పు చెప్తే ఊరుకునే రకం కాదు.

ఇట్లు,
బిల్లు ఇంకా దాచుకున్న మీ యజమాని