మూడో నంబరు సెల్లులో మటన్ మండి

గత శనివారం మధ్యాహ్నం మా బావమరిది ఫోను చేసి, "బావగారూ, రాత్రికి అందరం జైలుకు వెళుతున్నాం. ఏడింటికల్లా తయారుగా ఉండండి" అన్నాడు. అతను చేసేది ప్లాట్ల వ్యాపారం గనుక జైలు అన్న మాటకు నేను ఆశ్చర్యపోలేదు. 'అందరం' అన్న మాటే కాస్త కంగారు పెట్టింది.

జైలంటే హోటలని తర్వాత తెలిసింది. పదో తరగతి గట్టెక్కిన మేనల్లుడి గౌరవార్థం విందు. పిల్లవాడు చదువులో పైకి వచ్చాడని జైలుకు తీసుకెళ్లడం మా వంశంలో ఇదే మొదలు.

ఈ జైలు మండి హోటళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పాలా? ఊచలు, తాళాలు, ఖాకీ దుస్తుల్లో మేనేజరు, చారల చొక్కాలు తొడిగించిన వడ్డన కుర్రవాళ్లు. తిండి బాగుంటే జనం వస్తారన్నది పాత సిద్ధాంతం. ఇప్పుడు తిండికి ముందు బందిఖానా కట్టాలి.

మేము వెళ్లేసరికి జైలు నిండిపోయింది. గుమ్మం దగ్గర లాఠీ పట్టుకున్న యువకుడు రిజిస్టరు తిప్పి, "సెల్లు ఖాళీ లేదు సార్, నలభై నిమిషాలు పడుతుంది" అన్నాడు. మాకంటే ముందు పదకొండు కుటుంబాలు బల్లల మీద కూర్చుని, తమనెప్పుడు లోపల వేస్తారా అని ఎదురుచూస్తున్నాయి. ఒక పెద్దాయన తనకు మధుమేహం ఉందని, తనను త్వరగా బంధించమని బతిమాలుతున్నాడు. ఒకావిడ తమకంటే వెనక వచ్చినవాళ్లను ముందు లోపలికి ఎలా తోశారని నిలదీస్తోంది. మా బావమరిదికి ఇలాంటి చోట్ల చేతులు ఊరికే ఉండవు. ఎమ్మెల్యే దగ్గర పనిచేసే ఎవరికో ఫోను కలిపి, "అన్నా, మనవాళ్లు తొమ్మిది మంది, ఎలాగైనా లోపల వేయించాలి" అన్నాడు. ఆ ఫోను అవతల మనిషి ఇరవై ఏళ్ల అనుభవంలో ఇలాంటి సిఫారసు విని ఉండడు. మూడో నంబరు సెల్లువాళ్లు తీపి దగ్గర ఉన్నారని, విడుదల కాగానే మాకే ఇస్తారని కబురు వచ్చింది. మా వాడు మీసం దువ్వాడు.

లోపల పరుపుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. మోకాళ్లు అరిగినవాడికి అది కఠిన కారాగారమే. తలుపు వేసి తాళం బిగించి, "నేరం చెప్పండి" అన్నాడు వడ్డించే అబ్బాయి. వంటకం పేరు చెప్పాలన్నమాట. మా ఆవిడ నిండు గౌరవంతో "మటన్ జ్యూసీ మండి, రెండు" అని నేరం ఒప్పుకుంది.

ఆ వంటకం ఏ పాపం చేసిందని ఈ శిక్ష? యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు తిండి అది. నేలలో గొయ్యిలాంటి పొయ్యి, అడుగున అన్నం, పైన మాంసం. ఆ రసం చుక్క చుక్కగా అన్నంలోకి దిగాలి. నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులు ఉండే హైదరాబాదు బార్కస్‌లో దాన్ని తిన్నవాళ్లకు తెలుసు, ఒకే పళ్లెం చుట్టూ నలుగురూ కూర్చుని తినడమే దాని మర్యాద. అతిథి కోసం పుట్టిన పళ్లెం. దాన్ని తెచ్చి ఊచల వెనక పెట్టారు. రుచి? బాగానే ఉంది. అదే నా కడుపుమంట. బాగా వండడం వచ్చినవాడికి ఈ వేషమెందుకు?

ఇంతవరకు నవ్వుతూనే ఉన్నాను. చేతులు కడుక్కునే చోట గోడకు ఇనుప జాలీ బిగించి, పైన 'ములాఖత్' అని రాసిన పలక కనిపించింది. ఫొటోలు దిగే మూలట అది. జాలీకి అటు భర్త, ఇటు భార్య. వేళ్లకు వేళ్లు తగిలించి ఏడుపు ముఖం పెట్టాలి. వరుసలో ఆరు జంటలు.

మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అతన్ని కొన్నేళ్ల క్రితం ఏదో దొంగతనం కేసులో పట్టుకుపోయారు. అతని భార్యకు తోడుగా నేను అసలు ములాఖత్‌కు వెళ్లాను. బెయిలు వచ్చి పదకొండు రోజులైనా జామీను నిలబడేవాడు దొరకలేదు. ఆవిడ డబ్బాలో పప్పన్నం కలిపి తెచ్చింది. లోపలికి పంపరన్నారు. తిరుగు బస్సులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అయ్యా ఫొటోల వ్యాపారీ, ఆ ముఖం పెట్టించగలవా నీ జాలీ దగ్గర?

2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. నేరం రుజువు కాకుండానే లోపల ఉన్నవాళ్లు నూటికి 75 మందికి పైనే! కొన్ని రాష్ట్రాల జైలు నియమావళిలో వంట ఎవరు చేయాలో, పాకీపని ఎవరు చేయాలో కులాన్నిబట్టి రాసి ఉండేది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా ఆ రాతలు చెక్కుచెదరలేదు. జైలు భోజనం అమ్ముతారా? ఇదీ దాని రుచి. వేయండి మెనూలో. చారల చొక్కా చూసి ముచ్చటపడే మనకు సిగ్గు లేదు, కుట్టించిన వాడికి అంతకన్నా లేదు.

కోపంగా సెల్లుకు తిరిగి వచ్చేసరికి 'బెయిలు' అని అచ్చేసిన బిల్లు వచ్చి ఉంది. 4,180 రూపాయలు. జామీను అక్కర్లేదు, కార్డు గీకితే చాలు. సర్కారువారే నయం. 1796లో కట్టిన సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో రోజంతా ఖైదీగా గడపడానికి 500 రూపాయలే పెట్టారు, దుస్తులు, పళ్లెం, సబ్బుతో సహా.

బయటికి వస్తూ మా బావమరిది నంబరు పలక గుండెల మీద పట్టుకుని, ఊచల ముందు నిటారుగా నిలబడి ఫొటో దిగాడు. దాన్ని రాత్రికి రాత్రే తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున్న ఎనిమిదికల్లా ముగ్గురు ప్లాటుదారులు అడ్వాన్సు వెనక్కివ్వమని అతని ఇంటి ముందు నిలబడ్డారు. అది హోటలై ఉంటుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదట.