ఫ్రిజ్ వెనక అగ్గిపుల్ల గీసేవాళ్లకు గ్యాస్ పని అప్పగించకండి

గ్యాస్ ఫ్రిజ్‌లో లీకు ఉందేమో చూడ్డానికి వ్యాన్‌లో కూర్చుని అగ్గిపుల్ల గీయబోయాడండీ ఒక మెకానిక్. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెయ్యి పట్టుకుని లాగేశాను. "ఏం గాదులేక్కా, మేం ఎప్పుడూ ఇట్టాగే జూసేది" అన్నాడు. ఆయన బండెక్కి వెళ్లి గంట కూడా కాలేదు, నాకింకా గుండెదడ తగ్గలేదు. వ్యాన్‌లో మా అమ్మ ఉంది. ముందు సీట్లో మా తమ్ముడి కూతురు నిద్రపోతోంది. ముందు వాళ్లను దించుదాం అన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు.

మా తమ్ముడు ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక కారవాన్ కొన్నాడు. టెంపో ట్రావెలర్‌ను లోపలే పడుకునేలా మార్చి చేసిన బండి. అందులో విదేశీ ఫ్రిజ్ ఉంది. కరెంటు దొరికితే 230 వోల్టుల మీద, బండి నడుస్తుంటే 12 వోల్టుల మీద, ఎక్కడైనా ఆపుకుంటే గ్యాస్ మంట మీద పనిచేస్తుంది. అమ్మకు షుగర్, ఇన్సులిన్ వేసుకుంటుంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన నెల్లూరు ఎండలకు దాన్ని చేతిసంచిలో వేసుకుని తిరగలేం. మైపాడు వెళ్లి సముద్రం ఒడ్డున ఒక రాత్రి ఉందామనుకుంటే ఈ ఫ్రిజ్ మొండికేసింది. కరెంటు పెడితే చల్లబడుతుంది, గ్యాస్ మీద మాత్రం చల్లబడదు.

పని తెలిసినవాడికి ఆ ఒక్క మాట చాలు. కరెంటు మీద చల్లబడుతోందంటే లోపలి కూలింగ్ యూనిట్ బాగున్నట్టే. తేడా మంట దగ్గర ఉంది. అక్కడ చూడు బాబూ అని చెప్పాను. ఆయన వినలేదు. ఫ్రిజ్‌కు చెవి ఆనించి, "శబ్దం రావట్లేదు, కంప్రెసర్ పోయింటది" అన్నాడు. దానికి కంప్రెసరే లేదు! 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి అది. సీలు వేసిన ఇనుప గొట్టాల్లో నీళ్లు, అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. అడుగున వేడి తగిలితే నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, అక్కడ చల్లారి ద్రవంగా మారుతుంది, హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి దిగి మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్‌లోని వేడిని లాగేస్తుంది. తర్వాత నీళ్లు దాన్ని మళ్లీ తమలో కలిపేసుకుని కిందికి దిగుతాయి. కదిలే భాగమే లేనప్పుడు చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? తెలియకపోవడం తప్పు కాదు. మన దగ్గర ఈ ఫ్రిజ్‌లు అరుదు. తెలియదని చెప్పి వెళ్లిపోతే చాయ్ ఇచ్చి పంపేదాన్ని.

కంప్రెసర్ లేదని చెప్పాక ఏమన్నాడో తెలుసా? "అయితే గ్యాస్ అయిపోయింటది, నింపుదాం."

ఇదిగో, ఈ మాట దగ్గరే నాకు పాత కోపమంతా తన్నుకొచ్చింది. ఎండాకాలం వస్తే చాలు, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఏ ఇంటి ఫ్రిజ్ మొరాయించినా, ఏ ఏసీ ఆగినా ఇదే మాట. ఫ్రిజ్‌ను చల్లబరిచే ఆ గ్యాస్, సిలిండర్ గ్యాస్‌లాగానో పెట్రోల్‌లాగానో వాడేకొద్దీ ఖర్చయ్యే వస్తువు కాదండీ. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ లీకు వెతక్కుండా నింపితే నాలుగు నెలలకు మళ్లీ పోతుంది, మళ్లీ ఫోన్ చేస్తాం, మళ్లీ డబ్బులు. కావలిలో మా అత్తగారు ఒకే ఫ్రిజ్‌కు వేసవి వేసవికీ ఇలా కడుతూనే ఉన్నారు. "లీకు ఎక్కడుంది నాయనా" అని ఆమె అడిగితే, పెద్దావిడ, ఆమెకేం తెలుసులే అన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంటారు. ముప్పై ఏళ్లు టీచరుగా పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి ఆవిడ! డబ్బు పోవడం కంటే ఆ మొహం తిప్పుకోవడమే నాకు ఎక్కువ మండుతుంది. ఇంకో విషయం. ఇప్పుడొచ్చే ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్. అంటుకునే గ్యాస్. మీ ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీద పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉందేమో చూసుకోండి. అది ఉన్న ఫ్రిజ్‌ను తలుపులు మూసిన వంటింట్లో విప్పి, పక్కనే వెల్డింగ్ మంట వెలిగించి అతుకు వేయనివ్వకండి.

ఇక ఈ కారవాన్ ఫ్రిజ్‌లో గ్యాస్ నింపడమనే మాటే ఉండకూడదు. లోపలున్న హైడ్రోజన్, అమ్మోనియా గట్టి ప్రెషర్ మీద ఉంటాయి. గొట్టం కోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలినా, వెనక గొట్టాల మీద పసుపు పొడి కనిపించినా ఆ యూనిట్ పని అయిపోయినట్టే. మొత్తం యూనిట్ మార్చాలి. కోయడం, వెల్డింగ్ చేయడం, నింపడం ఏవీ కుదరవు.

అక్కడితో ఆగాడా? లేదు. మంట నీరసంగా ఉంది కాబట్టి హోటల్ భట్టీలకు పెట్టే హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలిద్దామన్నాడు. ఫ్రిజ్ లోపల అంటించిన ప్లేటు మీద గ్యాస్ ప్రెషర్ 30 మిల్లీబార్ అని స్పష్టంగా రాసి ఉంది. చదివే ఓపిక లేదు. ఆ తర్వాతే అగ్గిపెట్టె తీశాడు. వంట గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. వ్యాన్ లాంటి ఇరుకు పెట్టెలో గాలిలో దాదాపు 2 శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. లీకు చూడాలంటే సబ్బునీళ్లు కావాలి. సిలిండర్ వాల్వు తెరిచి, మంట వెలిగించకుండా, ప్రతి జాయింటు మీద నురుగు రాస్తే లీకున్న చోట బుడగలు లేస్తాయి. గిన్నెడు నీళ్లు, కాస్త సబ్బు. దానికి కూడా బద్ధకమా?

ఆయన వెళ్లాక సిలిండర్ ఆపేసి, తలుపులన్నీ తీసి, మా తమ్ముడు బయటి జాలీ విప్పాడు. టార్చిలైటు వేసి చూస్తే బర్నర్ గొట్టం మూతి దగ్గర తెల్లగా సాలెగూడు. పైన పొగ గొట్టం చుట్టూ కాటుక పట్టినట్టు మసి. వాసన కోసం గ్యాస్‌లో కలిపే పదార్థం సాలీళ్లను లాగుతుందంటారు. నిలబడిపోయిన కారవాన్లలో ఇది మామూలే. గాలి సరిగా కలవక మంట పసుపుగా వస్తుంది, మసి కడుతుంది, వేడి చాలదు, ఫ్రిజ్ చల్లబడదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏమిటంటే పసుపు మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. మంట నీలంగా, నిలకడగా ఉంటేనే లోపల పడుకోవాలి. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి.

బర్నర్ శుభ్రం చేసేటప్పుడు కూడా మనవాళ్ల చెయ్యి పిన్నీసు మీదకే పోతుంది. పంపు స్టవ్వుల కాలం నాటి అలవాటు. బర్నర్‌లోకి గ్యాస్ వదిలే ఈ జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. పిన్నీసు గుచ్చితే అది పెద్దదవుతుంది, గ్యాస్ ఎక్కువ వస్తుంది, మంట మళ్లీ పసుపవుతుంది. స్పిరిట్‌లో నానబెట్టి, దానంతట అది ఆరనివ్వాలి. అప్పటికీ కుదరకపోతే కొత్త జెట్ వేయాలి. మంట ఆరిపోతే గ్యాస్‌ను ఆపేసే థర్మోకపుల్‌ను మాత్రం ఎవరైనా "అడ్డంగా ఉంది, తీసేద్దాం" అంటే ఆ మనిషిని అక్కడే పంపేయండి. ఇంటిల్లిపాదికీ అదే కాపలా.

జాలీ విప్పాక ఇంకోటి బయటపడింది. వెనక ఉన్న రెండు గాలి కిటికీల్లో కింది దాన్ని అట్టముక్కతో, సిలికాన్‌తో మూసేసి ఉన్నారు! బండిని మార్చిన బాడీ వర్క్‌షాపువాళ్ల పని అది. దుమ్ము రాకూడదని అంట. కింద నుంచి చల్లగాలి లోపలికి వెళ్లి, పైనుంచి వేడి బయటికి పోతేనే ఈ ఫ్రిజ్ బతుకుతుంది. వేడి దేశాలకని చేసిన ఫ్రిజ్‌లకే లెక్క 43 డిగ్రీల దాకా. మన మే నెల ఎండలు దాన్ని దాటిపోతాయి. అలాంటిది గాలే ఆడకపోతే ఎలా చల్లబడుతుంది? బండి అమ్మినవాళ్లు ఫ్రిజ్ పుస్తకం కూడా ఇవ్వలేదు. అడిగితే "దానికి పుస్తకమెందుకు" అన్నారు. బండిని సమంగా ఆపాలని, వాలులో ఆపి మంట వెలిగిస్తే లోపల ద్రవం సరిగా పారక యూనిట్ కాలిపోతుందని చెప్పేవాడు లేడు. మేస్త్రీల రసమట్టం ఒకటి కొని ఫ్రీజర్‌లో పెట్టి చూసుకుంటే సరిపోయే పని. అంతకంటే ముఖ్యం, బండి కదిలే ముందు సిలిండర్ ఆపేయాలి. నేషనల్ హైవే మీద వెనక మంట వెలుగుతుండగానే పెట్రోల్ బంకులోకి తిప్పేసే బళ్లు లేవంటారా?

అట్టముక్క పీకించి, గొట్టం మసి దులిపించి, ప్రెషర్ కొలిపించేదాకా సిలిండర్ బండెక్కదు. అమ్మ ఇన్సులిన్ ఇంటి ఫ్రిజ్‌లోనే ఉంటుంది, మైపాడుకు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాం. ఒంగోలు, కావలి, నెల్లూరు చుట్టుపక్కల మానోమీటర్ పెట్టి గ్యాస్ ప్రెషర్ కొలిచేవాళ్లు, లీకు సబ్బునీళ్లతో చూసేవాళ్లు ఎవరైనా తెలిస్తే కామెంట్లో చెప్పండి. ఎవరింట్లో గ్యాస్ వాసన వచ్చినా స్విచ్చులు ముట్టుకోకుండా, సిలిండర్ ఆపేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. అది ఎల్‌పీజీ లీకుల కోసమే పెట్టిన నంబరు.