'గీతాంజలి' క్యాసెట్టుకు ఖాళీ చెయ్యమని నోటీసు

మహారాజశ్రీ 'గీతాంజలి' ఆడియో క్యాసెట్టు గారికి, చిక్కడపల్లి నుంచి మీ ఇంటాయన వ్రాయునది. ఉభయకుశలోపరి.

అయ్యా, తమరు 1989 నుంచి మా బీరువా పై అరలో కాపురం ఉంటున్నారు. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. పోనీ పాడతారా అంటే అదీ లేదు. మిమ్మల్ని పాడించే టేప్ రికార్డరు ఎప్పుడో పాత సామాన్ల బండెక్కింది. అయినా మా ఆవిడ ఆ అర ఖాళీ చెయ్యమన్నప్పుడల్లా నేను చెవిటివాడిలా నటించాలి. ఈ వయసులో నాకిది అవసరమా?

ఇళయరాజా, వేటూరి, బాలు గార్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది, కాదనను. కానీ ఆ ఊటీ మంచు పాటల్ని తమరు వినిపించింది ఎక్కడ? మే నెల చిక్కడపల్లిలో, కూలరు హోరులో! ఈనాటికీ 'ఆమనీ పాడవే' మొదలైతే నాకు తడిసిన కూలరు గడ్డి వాసనే వస్తుంది. చావు దగ్గరపడ్డ హీరో పాడుతుంటే కళ్ళు చెమర్చాలా, కూలరులో నీళ్ళున్నాయో లేదో చూసుకోవాలా? కరెంటు పోతే సెల్లుల మీద నడిచేవారు. అవి నీరసించేసరికి బాలు గారి గొంతు ఘటోత్కచుడి గొంతయ్యేది.

అన్నిటికన్నా ఘోరం 'ఓ పాప లాలి'. ఎవరూ చెరిపి రికార్డు చెయ్యకుండా మీ అంచున ప్లాస్టిక్ ముక్క విరిచే అమ్మారు. మా చెల్లి ఆ కన్నానికి ప్లాస్టరు అంటించి ఎర్ర మీట నొక్కింది. అంతే, లాలిపాట మధ్యలో మా అమ్మ: "ఒసేయ్, పాలు పొంగుతున్నాయే, చూడూ!" ఆ వెంటనే గిన్నె కింద పడ్డ చప్పుడు. మళ్ళీ బాలు గారు ఏమీ ఎరగనట్టు అందుకుంటారు.

ఇప్పుడదే పాట ఫోనులో మచ్చ లేకుండా వస్తుంది. వచ్చి ఏం లాభం? ఆ చోటు రాగానే చెవులు రిక్కించుకుంటాను, పాలు పొంగవు. అసలు పాటే నాకు కల్తీగా వినిపించేలా చేసిన ఘనత తమరిది. మా అమ్మ గొంతు ఇంకెక్కడా లేదని తమరికి బాగా తెలుసు. చెల్లి పెళ్ళి వీడియోలో కూడా ఆవిడ అటు తిరిగి వడ్డిస్తూనే ఉంది. ఆ ధీమాతోనే కదా కదలరు!

మొన్న కోఠి గుజరాతీ గల్లీలో వాకబు చేశాను. ప్లేయరు ఉందిట, బెల్టు మార్చాలిట. ఇన్నేళ్ళుగా చుట్టలోనే ఉన్న టేపు అతుక్కుపోయి ఉంటుందని, ముందు పెన్సిలుతో మెల్లగా రెండువైపులా తిప్పమన్నాడు. అద్దె ఎగ్గొట్టినవాడికి కాళ్ళు కూడా పిసకాలన్నమాట!

కాబట్టి సంక్రాంతిలోగా అర ఖాళీ చెయ్యవలసింది. పోయేముందు ఆ పాలు పొంగిన ముక్క మాత్రం ఫోనులోకి దింపి పొండి.

ఇట్లు,
బాధిత గృహస్థు

తా.క.: ప్లేయరుకు అడ్వాన్సు ఇచ్చేశాను. మా ఆవిడ దగ్గర నోరు జారకండి.